తోటలో తిరిగే కోళ్లకు దాణా ఖర్చు ఉండదనడం సరికాదు

సంపాదకులకు,

ఆర్యా,

నాటుకోళ్ల పెంపకం గురించి పత్రికల వ్యవసాయ పుటల్లోనూ, వీడియోల్లోనూ తరచుగా వినిపించే ఒక మాట వల్ల ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. తోటలో వదిలేస్తే కోళ్లు పురుగూ పుట్రా ఏరుకుని తమంతట తామే బతుకుతాయని, దాణాకు పెద్దగా ఖర్చు ఉండదని ఆ మాట సారాంశం. పెరట్లో పది పన్నెండు కోళ్లున్న ఇంటికి అది నిజమే. మిగిలిన అన్నం, చెరిగిన నూకలు, పెంటకుప్పలోని పురుగులు వాటికి సరిపోతాయి. మామిడి తోటల్లో నాటుకోళ్లు, వనరాజ రకం కోళ్లు, బాతులు, గినీకోళ్లు, కొన్ని టర్కీలు కలిపి మూడు నాలుగు వందలు పెంచే మావంటి వారికి మాత్రం ఆ లెక్క వర్తించదు. దాన్ని నమ్మి పెట్టుబడి పెట్టిన యువకులు దాణా బాకీ తీర్చలేక మందలను అయినకాడికి అమ్ముకోవడం మా నూజివీడు ప్రాంతంలో చూస్తున్నాను.

ఎదిగిన కోడి రోజుకు సుమారు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. ఆ ప్రకారం మూడు వందల కోళ్లకు నెలకు తొమ్మిది క్వింటాళ్లకు తగ్గదు. ఇందులో తోట ఎంత సమకూరుస్తుందన్నది నేలను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. తొలకరికి ఉసుళ్లు లేచిన రోజున కోళ్లు సాయంత్రం తొట్టె వైపు చూడవు. వరి కోతల తర్వాత పొలంలో రాలిన గింజలు, నత్తలు దొరికినన్నాళ్లూ బాతులకు విడిగా పెట్టవలసింది తక్కువే. డెల్టాలో బాతుల మందలను పొలం నుంచి పొలానికి తోలుకుపోయేవారు ఆధారపడేది దానిపైనే. ఏప్రిల్, మే నెలల్లో గడ్డి మాడిపోయాక అదే తోటలో ఏరుకోవడానికి ఏమీ మిగలదు. కనుక ఏడాది పొడవునా ఒకే కొలత పెట్టడం కంటే, మంద గూటికి చేరే వేళ రకానికి రెండు మూడు పక్షులను పట్టుకుని, మెడ కింద మేత నిండే సంచిని వేళ్లతో తడిమి చూడడం మేలు. అది గుండ్రంగా, బిగువుగా తగిలితే తోట తన వంతు ఇచ్చినట్టు. వదులుగా జారిపోతుంటే ఆ పూట దాణా పెంచాలి. ఉదయం కొద్దిగా పెట్టి తోటలోకి వదిలి, ఎక్కువ భాగం సాయంత్రానికి ఉంచితే పక్షులు పగలంతా శ్రద్ధగా మేస్తాయి, చీకటి పడకముందే ఇంటికి చేరతాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు, ఇన్ని రకాలకు ఒకే బస్తా విప్పడం. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో పెంకు గట్టిపడడానికి మూడున్నర నుంచి నాలుగు శాతం కాల్షియం ఉంటుంది. ఎదిగే పిల్లలకు ఒక శాతం చాలు; పెద్దవాటి దాణానే వారాల తరబడి తింటే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే మందకంతటికీ కాల్షియం తక్కువ ఉన్న దాణా వేసి, ఆల్చిప్పల పొడిని వేరే పెట్టెలో ఉంచడం క్షేమం. గుడ్లు పెట్టే పెట్టలు తమకు కావలసినంత అవే తింటాయి. పిల్లలకు మాంసకృత్తులు ఎక్కువ ఉన్న దాణాను, అవి మాత్రమే దూరగలిగే సందులున్న వెదురు తడిక లోపల పెట్టాలి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజ మంచి రకమే కాని, ఆ పెట్టలు దొరికినంతా తిని కొవ్వు పడితే గుడ్లు తగ్గిపోతాయి. బ్రాయిలర్ దాణా చవకగా దొరికిందని తెచ్చేవారు మరొకటి గమనించాలి: రక్తపారుడు రాకుండా అందులో కలిపే సాలినోమైసిన్ అనే మందు టర్కీలకు ప్రాణాంతకం.

తిన్నదానికి తోడు వృథా అయ్యేది కూడా రైతు జేబులోంచే పోతుంది. తొట్టె అంచు పక్షి వీపు ఎత్తున ఉండి, దాణా తొట్టె లోతులో మూడో వంతుకు మించకపోతే చిమ్మడం బాగా తగ్గుతుంది. ఒక్కో పక్షికి 10 సెంటీమీటర్ల చోటు కావాలి. అంటే మూడు వందల పక్షులకు, రెండు వైపులా తినే తొట్టెలైతే 15 మీటర్ల పొడవు. ఒకటి రెండు తొట్టెలతో సరిపెడితే బలమైన పుంజులే వాటిని ఆక్రమించి, లేత పెట్టలు పస్తుంటాయి. బాతులు నోటినిండా దాణాతో నీటిలోకి ముక్కు ముంచుతాయి కనుక నీళ్ల తొట్టె కొంచెం ఎడంగా ఉండాలి, కాని దాణా ఉన్నంతసేపూ నీరు అందుబాటులో ఉండి తీరాలి. రాత్రి తొట్టెల్లో మిగిలింది ఎత్తేయకపోతే పందికొక్కులను మేపినట్టే. తడిసిన దాణాను ఎండబెట్టి మళ్లీ వేసేవారున్నారు, అది అసలే కూడదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ పిల్లలు బూజు పట్టిన వేరుశనగ చెక్క పిండి తిని చనిపోవడంతోనే అఫ్లాటాక్సిన్ అనే విషం సంగతి ప్రపంచానికి తెలిసింది. బాతు పిల్లలూ దానికి అంతే సులువుగా బలైపోతాయి. మొక్కజొన్న ధర పెరిగినప్పుడు తేమ ఆరని సరుకు కొనాలన్న ఆశ కలగడం సహజం, అయినా దాని జోలికి పోకూడదు.

పశుసంవర్ధక శాఖ వారు రాయితీపై పిల్లలను ఇచ్చేటప్పుడు టీకాల పట్టికతో పాటు, ఏ వయసుకు ఎంత, ఏ దాణా అన్న పట్టిక కూడా చేతిలో పెట్టాలి. పశువైద్యశాలల్లో తూకం, తేమ కొలిచే యంత్రం అందుబాటులో ఉంచితే దాణా సొంతంగా కలుపుకునేవారికి ఎంతో ఉపకారం. దాణా కంపెనీలు మాంసకృత్తులు, కాల్షియం ఎంతో, ఏ మందు కలిపారో బస్తాపై తెలుగులో ముద్రించేలా ప్రభుత్వం చూడాలి. లాభాల కథనాలు ప్రచురించే పత్రికలు మందలో పక్షులెన్ని, నెలకు కొన్న దాణా ఎంత అన్న రెండు వివరాలు తప్పక రాయించాలని మనవి.

ఇట్లు,
ఒక కోళ్ల రైతు,
నూజివీడు మండలం, ఏలూరు జిల్లా.