‘అవగాహన కల్పించాం’ అని మీరు మూసేసిన నా ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో ఉంటాను. ఇరవై మూడేళ్లుగా ఫోటోలు తీసి బతుకుతున్నవాణ్ని.

విషయం: నీళ్ల మీద, ఆకుల మీద మెరుపు తగ్గించడానికి లెన్సు ముందు బిగించే మీ పోలరైజర్ ఫిల్టర్ పనిచేయడం లేదని చెప్పుకోవడానికి తొమ్మిది వారాలుగా నేను పడుతున్న పాట్లు.

నిన్న పొద్దున్న టీ తాగుతుండగా మీ కంపెనీ నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. ఉత్పత్తి వాడకంపై వినియోగదారుడికి అవగాహన కల్పించబడినది’ అని ఉంది. రెండుసార్లు చదివాను. మా ఆవిడకి చూపించాను. ఆమె కూడా చదివి, ‘ఎవరు కల్పించారండీ మీకు అవగాహన?’ అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ మెసేజ్ రాకపోతే ఇంకో నాలుగు రోజులు చూసి, పోనీలే, డబ్బులు పోయాయనుకుని ఊరుకునేవాణ్నేమో. ఇప్పుడు ఊరుకోను.

మీ ఫిల్టర్లతో నా అనుబంధం నిన్నామొన్నటిది కాదు. 2015 గోదావరి పుష్కరాల ఏడాది మొదటిది కొన్నాను. వానాకాలంలో గోదారి ఎర్రనీళ్ల మీద ఎండ పడితే కెమెరాలో నీళ్లన్నీ తెల్లగా, రేకులు పరిచినట్టు వచ్చేవి. లెన్సుకి మీ ఫిల్టర్ బిగించి రింగు మెల్లగా తిప్పుతుంటే ఆ తెల్లని మెరుపు విడిపోయి, కింద నుంచి నది అసలు ఎరుపు పైకి వచ్చింది. ఆ క్షణం నాకింకా గుర్తుంది. అప్పటినుంచి పాపికొండల దగ్గరికి వెళ్లినా, కోనసీమ కాలవల మీదికి వెళ్లినా అది లేకుండా బ్యాగు సర్దలేదు. మా ఊళ్లో ప్రీవెడ్డింగ్ షూట్లు చేసే కుర్రాళ్లు తొమ్మిది మందితో నేనే దగ్గరుండి మీ ఫిల్టర్లు కొనిపించాను. పదో పరకో తక్కువకి వేరే కంపెనీవి దొరుకుతున్నాయని వాళ్లంటే, ‘గాజు విషయంలో పిసినారితనం చెయ్యకండిరా’ అని కోప్పడ్డాను కూడా. ఆ మాట అన్నందుకు ఇప్పుడు వాళ్ల ముందు తల ఎత్తుకోలేకపోతున్నాను.

మొన్న డిసెంబరులో పాత ఫిల్టర్ అంతర్వేదిలో చేయిజారి మెట్ల మీద పడి అంచు నొక్కుకుపోయింది. జనవరిలో అదే రకం కొత్తది తెప్పించాను. దాని కొలతలు, కోటింగుల సంగతి ఇక్కడ రాయను. బిల్లు, వారంటీ కార్డు, డబ్బా మీది నంబరు ఇప్పటికి ఆరుసార్లు పంపాను, మీ దగ్గరే ఉన్నాయి.

అది పనిచేయడం లేదని కడియం నర్సరీలో తెలిసింది. ఒక నర్సరీ యజమాని తన మొక్కల క్యాటలాగు కోసం ఫోటోలు తీయమన్నారు. అప్పుడే నీళ్లు కొట్టిన క్రోటన్లు. ఆకు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు గీతలుగా ఉంటాయి కదా, ఆ రంగులే ఆ మొక్కకి ఖరీదు. తడి ఆకు మీద ఆకాశపు వెలుగు పడి సగం ఆకు పాల మీగడలా తెల్లబడిపోతుంది. పోలరైజర్ వేసేది సరిగ్గా అందుకే. రింగు తిప్పాను. ఏమీ మారలేదు. మొత్తం ఒక చుట్టు తిప్పాను. ఫోటో కాస్త చీకటి పడిందే గానీ మెరుపు అలాగే ఉంది. ఎండ కుడిభుజం వైపు ఉండేలా తిరిగి ఆకాశం వైపు పెట్టి చూశాను. నీలం చిక్కబడలేదు. ఆ యజమాని నా పక్కనే నిలబడి, ‘ఏవండీ, మీ కెమెరాలో మా మొక్కలకి తెల్లమచ్చ తెగులు వచ్చినట్టుందే’ అన్నారు. ఆ రోజు షూటింగ్ ఆపేసి, తీసుకున్న అడ్వాన్సు వెనక్కి ఇచ్చి వచ్చాను.

వస్తువన్నాక చెడిపోతుంది. అందుకు నాకు కోపం లేదు. నా కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీద.

మీ టోల్‌ఫ్రీ నంబరుకి చేస్తే తెలుగు కోసం నాలుగు నొక్కమన్నారు. నాలుగు నొక్కితే హిందీలో మాట్లాడారు. సరే, వచ్చిన హిందీలోనే చెప్పుకున్నాను. మొదటి అమ్మాయి అంతా విని, ‘ఫిల్టర్ వేస్తే ఫోటో డార్క్ అవడం నార్మల్ సార్’ అంది. నేను అడిగింది అది కాదమ్మా అన్నాను. పోలరైజర్ వేస్తే ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు, అంటే సగం నుంచి ముప్పావు వంతు దాకా, తగ్గుతుందని నాకు తెలుసు, వెలుతురు తగ్గి కూడా మెరుపు పోకపోవడమే నా బాధ అన్నాను. ‘అవును సార్, డార్క్ అవడం నార్మల్’ అని మళ్లీ అదే చదివింది. ఆమెను తప్పుపట్టను. ఆమె ముందు కాగితం మీద ఏముందో అదే చెప్పింది. ఆ కాగితం రాసినవాళ్లని అంటున్నాను.

రెండోసారి ఫోటోలు పంపమన్నారు. ఒకే ఆకు, ఒకే చోటు, రింగు కొంచెం కొంచెం తిప్పుతూ పద్నాలుగు ఫోటోలు తీసి మెయిల్ చేశాను. పదకొండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. ‘మంచి ఫలితాల కోసం సూర్యుడు మీ వెనక ఉండేలా నిలబడి ఫోటో తీయగలరు’ అని రాశారు. అయ్యా, మీరు అమ్మే వస్తువు గురించే మీరు తలకిందులుగా చెబితే ఎలా? ఎండ వీపు మీద పడుతున్నప్పుడు ఎదురుగా ఉన్న ఆకాశం మీద పోలరైజర్ దాదాపు ఏమీ చేయదు. ఎండకి తొంభై డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం మీదే బాగా పనిచేస్తుంది. చూపుడువేలు సూర్యుడి వైపు పెట్టి, బొటనవేలు నిటారుగా చాపి మణికట్టు తిప్పితే, బొటనవేలు చూపించిన చోటల్లా నీలం చిక్కబడుతుంది. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి మొదటి వారంలోనే ఇది చెప్తాను. మీ సర్వీసు విభాగంలో ఒక్కరికీ తెలియదా?

మూడో మనిషి, ‘ఇప్పుడు అంతా ఎడిటింగ్‌లోనే చేసేస్తున్నారు కదా సార్, అక్కడ సరిచేసుకోండి’ అన్నాడు. నాకు కడుపు మండింది. ఆకాశాన్ని కంప్యూటర్‌లో నీలం చేసుకోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఆకు మీద మెరుపు కమ్మేసిన చోట కెమెరాకి అందింది మెరుపే, ఆకు రంగు కాదు. అందని రంగుని ఎడిటింగ్‌లో ఎక్కణ్నుంచి తేవాలి? నీళ్ల అడుగున చేప అయినా అంతే, షాపు అద్దం వెనక చీర అయినా అంతే. మామూలు ఫిల్టర్లు చాలావాటి పని కంప్యూటర్ లాగేసుకుంది. పోలరైజర్ పని మాత్రం లాక్కోలేకపోయింది. అది తెలిసే మేమింకా వేలు పోసి కొంటున్నాం. ఆ వస్తువు అమ్మే కంపెనీ మనిషే అది లేకపోయినా ఫర్వాలేదంటే, మరి మాకెందుకు అమ్మినట్టు?

నాలుగో మనిషి గడువు దాటింది, అమ్మినవాళ్లని అడగమన్నాడు. అమ్మినవాళ్లు కంపెనీ వారంటీ అన్నారు. మళ్లీ మీకు చేస్తే, ‘మీరు ప్రొఫెషనల్ కదా సార్, బిజినెస్‌కి వాడితే వారంటీ వర్తించదు’ అన్నారు. కార్డు ముందూ వెనకా భూతద్దం పెట్టి చదివాను. అలాంటి ముక్క ఎక్కడా లేదు. ఏ పేజీలో ఉందో చెప్పమంటే ఆ అబ్బాయి నీళ్లు నమిలి లైను పెట్టేశాడు.

ఇక ఫోన్లతో పని కాదని గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్‌లో మీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. టోకెన్ తీసుకుని రెండున్నర గంటలు కూర్చున్నాను. నా వంతు వచ్చాక కౌంటర్లో కుర్రాడు డబ్బా చూసి, ‘ఫిల్టర్లు యాక్సెసరీస్ సార్, ఇక్కడ తీసుకోం’ అన్నాడు. తీసుకోవద్దు బాబూ, ఒక్కసారి చూడు చాలు అన్నాను.

వాడి టేబుల్ మీది కంప్యూటర్ స్క్రీన్ ముందు ఫిల్టర్ పట్టుకున్నాను. ఈ సంగతి మీరు కూడా దయచేసి శ్రద్ధగా చదవండి, ఎందుకంటే తొమ్మిది వారాల్లో మీవాళ్లు ఎవరూ వినని సంగతి ఇదే. సీపీఎల్‌లో, అంటే ఈ సర్క్యులర్ పోలరైజర్‌లో, రెండు పొరలుంటాయి. ముందుది వెలుతురును ఒక్క దిక్కులోనే లోపలికి వదులుతుంది. వెనకది, వెలుతురు కొలిచే కెమెరా మీటరింగు, ఆటోఫోకసు తికమకపడకుండా ఆ వెలుతురుని గుండ్రంగా తిప్పి పంపుతుంది. మంచి ఫిల్టర్‌ని లెన్సుకి బిగించే మరలు మన కంటివైపు ఉండేలా పట్టుకుని స్క్రీన్‌ని చూస్తూ తిప్పితే, ఒకచోట స్క్రీన్ నల్లగా ఆరిపోయినట్టు కనపడాలి. తిరగేసి పట్టుకుంటే నల్లబడకూడదు. నా ఫిల్టర్ సరిగ్గా దీనికి వ్యతిరేకం. సరిగ్గా పట్టుకుంటే నల్లబడదు. తిరగేస్తే నల్లబడుతుంది. అంటే మీ ఫ్యాక్టరీలో అద్దం తిరగేసి బిగించారు. నేను దాన్ని ఎంత తిప్పినా, ఏ ఎండలో నిలబడినా అది పనిచేయదు.

ఆ కుర్రాడు నా చేతిలోంచి ఫిల్టర్ తీసుకుని తనే తిప్పాడు. తిరగేసి తిప్పాడు. స్క్రీన్ నల్లబడింది. ‘అరె, నిజమే సార్’ అన్నాడు. తొమ్మిది వారాల్లో మీ కంపెనీ నుంచి నేను విన్న మనిషి మాట అదొక్కటే. వెంటనే ఫిర్యాదు ఎక్కించబోయాడు. ఎక్కడ ఎక్కించాలో దొరకలేదు. లెన్సు ఉంది, బాడీ ఉంది, బ్యాటరీ ఉంది, చార్జరు ఉంది. ఫిల్టర్ అనే గడి లేదు. లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చి, ముఖం చిన్నబుచ్చుకుని, ‘సిస్టమ్‌లో ఆప్షన్ లేదు సార్, మెయిల్ పెట్టండి’ అన్నాడు. ఆ రాత్రే మళ్లీ రైలెక్కాను. మెయిల్ పెట్టాను. దానికి వచ్చిన జవాబే నిన్నటి మెసేజ్.

నాకు అవగాహన కల్పించారట. ఐదుగురు మనుషులు మాట్లాడారు. ఒక్కరూ నేను అడిగినదానికి జవాబు చెప్పలేదు. ఆరో మనిషికి నేనే చేసి చూపించి వచ్చాను. చివరికి మీ పుస్తకంలో మాత్రం వాడకం తెలియని వాడికి నేర్పి పంపించినట్టు రాసుకున్నారు. తప్పు మీది అని రాసుకోవడం కష్టమైతే ఏమీ రాయకుండా వదిలేయాల్సింది. పని రానివాణ్నని నా పేరు పక్కన రాయడానికి మీకు ఏం హక్కు ఉంది? ఈ మెసేజ్ నా దగ్గర పనిచేసే పిల్లలు చూస్తే నా గురించి ఏమనుకుంటారు?

ఇక ఫోన్లు చేయను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, మీ ఊరికి రానక్కర్లేదు. సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. సొంత రెక్కల మీద బతికేవాడు జీవనోపాధి కోసం కొన్నది వ్యాపారం కిందికి రాదని కూడా ఆ చట్టంలోనే ఉంది. ‘మీరు ప్రొఫెషనల్’ అన్న మీ ఉద్యోగికి ఇది చదివి వినిపించండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయిస్తాను, తర్వాత కమిషన్‌కి వెళ్తాను. పద్నాలుగు ఫోటోలు, స్క్రీన్ ముందు తీసిన వీడియో, రైలు టికెట్లు, టోకెన్ కాగితం అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. ఫిల్టర్ డబ్బులు, రానుపోను ఖర్చులు, నేను వెనక్కిచ్చిన అడ్వాన్సు, అన్నీ అడుగుతాను. మా ఊళ్లో ఆ తొమ్మిది మందికీ ఈ ఉత్తరం కాపీ ఇస్తున్నాను.

ఇదంతా అక్కర్లేకుండా పోయే దారి కూడా ఒకటుంది. మీ ఆఫీసులో పోలరైజర్ అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒక్కరైనా ఉంటారు. ఆయన్ని లేదా ఆమెని నాకు ఫోన్ చేయమనండి. రెండు నిమిషాలు మాట్లాడితే నా మాట నిజమో కాదో వాళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాత, అద్దం తిరగబడి ఉందని, వాడకంలో తప్పు లేదని వాళ్ల పేరుతో ఒక కాగితం రాసి పంపమనండి. ఆ మెసేజ్‌లోని ‘అవగాహన’ అన్న ముక్క మీ రికార్డులోంచి తీసేయమనండి. కొత్త ఫిల్టర్ ఇస్తారో, డబ్బులిస్తారో ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఈ పనిచేయని ఫిల్టర్‌ని మాత్రం కొరియర్‌లో పంపను. మీ దగ్గర అది వేసుకోవడానికి గడి కూడా లేదు కాబట్టి, పంపితే ఎటు పోతుందో నాకు నమ్మకం లేదు. ఆ పేరున్న కాగితం వచ్చేదాకా అది నా బీరువాలోనే ఉంటుంది. ఈ నెల పదిహేను దాకా చూస్తాను. కడియం నర్సరీ వారు ఇంకా వేరే ఫోటోగ్రాఫర్‌ని పిలవలేదు. నా కోసమే ఆగారు.

ఇట్లు,
2015 నుంచి మీ ఫిల్టర్లు వాడుతున్న
రాజమహేంద్రవరం ఫోటోగ్రాఫర్