‘రూపమే పెట్టుబడి’ అన్న మాట గురించి

సంపాదకుల వారికి,

సహాయనటుల జయంతులకూ వర్ధంతులకూ పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ‘రూపమే ఆయన పెట్టుబడి’ అన్న మాట తరచు కనబడుతుంది. మెచ్చుకోలుగానే రాస్తారు గాని, ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి, సెలవుల్లో పరిషత్తు నాటకాల వెంట తిరిగిన నాకు ఆ మాట చదివినప్పుడల్లా కష్టంగానే ఉంటుంది.

కళ్ళు చిదంబరం గారు విశాఖపట్నం పోర్టులో ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడిన మనిషి. గొల్లపూడి మారుతీరావు గారి నాటకం ఆధారంగా 1988లో ఎం.వి. రఘు గారు తీసిన ‘కళ్ళు’ గుడ్డి బిచ్చగాళ్ళ కథ. ఆ సినిమా పేరే ఆయనకు ఇంటిపేరైపోయింది. అందులో మనం చూసింది రంగస్థలం మీద సానబట్టిన నటన. తర్వాత వచ్చిన వేషాల్లో చాలావాటికి ఆ సానతో పనిపడలేదు, మెల్లకన్నుతో ఆయన ఒకరిని చూస్తూ మరొకరితో మాట్లాడుతున్నట్టు కనబడితే చాలుననుకున్నారు. జనం నవ్వారు, నేనూ నవ్వాను.

నవ్వి ఊరుకోలేదు కూడా. తొంభైల్లో మా ఎనిమిదో తరగతిలో మెల్లకన్ను ఉన్న పిల్లవాడు ఒకడుండేవాడు. పద్యం అప్పజెప్పడానికి లేచి నిలబడినవాణ్ణి, “ఎటు చూస్తున్నావురా చిదంబరం?” అన్నాను. తరగతి గొల్లుమంది. పదో తరగతి దాటేదాకా వాడికి ఆ పేరే ఖాయమైంది. హాజరు పిలిచేటప్పుడు వాడు తల ఎత్తకుండానే పలికేవాడు.

మా పాలకొల్లులో 1922లో పుట్టిన అల్లు రామలింగయ్య గారిదీ కథానాయకుడి విగ్రహం కాదు. అయినా ‘మాయాబజార్’లో పురోహితుల వేషాల్లో వంగర వెంకటసుబ్బయ్య గారితో కలిసి గింబళి అనే మాయ కంబళి మీద ఆయన పడిన అవస్థ చూసి మనం నవ్వింది ఆ పురోహితుల అతిశయానికి. అదే సినిమాలో మన రావులపాడు రేలంగి గారి లక్ష్మణకుమారుణ్ణి చూసి నవ్వింది ఆ కుర్రవాడి డాబుకు. రేలంగి గారికి 1970లోనూ, అల్లు వారికి 1990లోనూ పద్మశ్రీ వచ్చిందంటే అది మాట విరుపుకూ అడుగు వేసే తీరుకూ వచ్చిందే. పాత్రకొక బుద్ధి, ఆ బుద్ధికొక వంకర రాసిచ్చే రచయితలు అప్పుడుండేవారు. ఇప్పటి హాస్యంలో రచయితకు ఆ శ్రమ తప్పింది. పొట్టివాణ్ణో బట్టతలవాణ్ణో తెచ్చి నిలబెట్టి పక్కవాడిచేత నాలుగు మాటలనిపిస్తే సరిపోతోంది.

మొన్న సంక్రాంతికి మా పక్క ఊళ్ళో వేసిన హాస్య ప్రదర్శనలో ముందు వరసలో కూర్చున్న ఒక లావుపాటి కుర్రవాణ్ణి వేదిక మీదికి పిలిచి, పావుగంట సేపు వాడి ఒంటి మీదే చమత్కారాలు విసిరారు. వాడు నవ్వుతూనే ఉన్నాడు గాని, చేతులు మాత్రం చొక్కా అంచును కిందికి లాక్కుంటూనే ఉన్నాయి.

చందాలు పోగుచేసే ఉత్సవ కమిటీలవారు బృందానికి బయానా ఇచ్చేముందు ఏం ఆడబోతున్నారో ఒకసారి చదివించుకోవాలని, ప్రేక్షకుల్లోంచి ఎవరినీ ఆకారం చూసి వేదిక ఎక్కించకూడదని షరతు పెట్టాలని నా మనవి. పత్రికలవారు కూడా ఈసారి సహాయనటుడి గురించి రాసేటప్పుడు ఆయన ఏ నాటకాలాడి వచ్చారో, ఏ వేషాన్ని ఎలా కట్టారో రెండు వాక్యాలు రాసి, ముఖం సంగతి ఫొటోకు వదిలేస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.