పేరు చెప్పకుండా వెళ్లిపోయిన మీకు

నాన్న పెద్దకర్మకు రెండు రోజుల ముందు రాజమండ్రి స్టేషన్ నుంచి ఇంటికొస్తూ ఆటోలో ఒక సంచి మర్చిపోయాను. అందులో నాన్న డైరీలు, లెక్కలు కట్టడానికి ఆయన వాడిన జారుడు స్కేలు, అదే స్లైడ్ రూల్, ఉన్నాయి. అమ్మకి చెప్పలేక రాత్రంతా టెన్షన్‌తో నలిగిపోయాను. తెల్లారేసరికి మీరు డైరీలో అడ్రస్ చూసి వెతుక్కుంటూ వచ్చి, సంచి పక్కింటి పిన్నిగారి చేతిలో పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారట.

మీరు తెచ్చిచ్చింది ఏమిటో మీకు చెప్పాలి. నాన్న మొదట సివిల్ ఇంజనీరు. నాగార్జునసాగర్ దగ్గర పని నేర్చుకున్నారు. 124 మీటర్ల ఎత్తున్న ఆ రాతి ఆనకట్టకు రాళ్లు మోసిన కూలీల పేర్లు కూడా ఆ డైరీల్లో ఉన్నాయి. తర్వాత చమురు బావుల వైపు వెళ్లారు. గ్యాస్ పైకి తన్నుకు రాకుండా ముందు ఆపేది బావిలో నింపే మడ్ (బురదలాంటి చిక్కటి ద్రవం) బరువేనని, ఆ లెక్క దగ్గర బద్ధకం పనికిరాదని అనేవారు. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండినప్పుడు రోజూ రాసుకున్నారు. సిరా వెలిసినా అక్షరాలు తెలుస్తున్నాయి.

స్లైడ్ రూల్ గాజు మీద సన్నని బీట ఉంది. చిన్నప్పుడు నా చేతిలోంచి జారింది. ఆయన ఒక్క మాట అనలేదు, ఆ బీటతోనే లెక్కలు చేసుకున్నారు. పెద్దకర్మ రోజున ఫోటో ముందు పెడుతూ అమ్మ దాన్ని కొంగుతో తుడిచింది.

బాబూ, మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇది మీ కంటపడితే ఒక్కసారి ఇంటికి రండి. "ఆ అబ్బాయికి అన్నం పెట్టాలిరా" అని అమ్మ రోజూ అడుగుతోంది.