వార్షిక నివేదిక: కుర్చీ ఎవరిదో ముందే తేలిపోతోంది

సభ్యులందరికీ నమస్కారం. కడపలో ఈ ఏడాది మన సంఘం నెలవారీ సమావేశాలు ఎక్కువగా ఒకే విషయం మీద జరిగాయి. కంపెనీల పైస్థాయి పదవుల్లో ఆడవాళ్లు తక్కువగా ఉండడంలో పై అధికారుల పాత్ర ఎంత?

ముందు చట్టం సంగతి. 2013 నాటి కంపెనీల చట్టం, దాని నియమాల ప్రకారం లిస్టెడ్ (షేర్ మార్కెట్లో నమోదైన) కంపెనీలన్నీ కనీసం ఒక మహిళా డైరెక్టరును పెట్టుకోవాలి. కనీసం 100 కోట్ల చెల్లింపు మూలధనం (వాటాదారులు కట్టిన సొమ్ము) లేదా 300 కోట్ల టర్నోవర్ ఉన్న మిగతా పబ్లిక్ కంపెనీలకూ ఇదే లెక్క. చాలాచోట్ల ప్రమోటర్ (కంపెనీ పెట్టిన యజమాని) ఇంటావిడతోనే ఆ కుర్చీ నింపేశారు. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీల్లో ఆమె యజమానులతో సంబంధం లేని ఇండిపెండెంట్ డైరెక్టరే అయి ఉండాలని 2020 ఏప్రిల్ 1 నుంచి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. అయితే బోర్డులో ఒక కుర్చీ నిండినంత మాత్రాన కింద మహిళా ప్లాంట్ హెడ్ (ఫ్యాక్టరీ మొత్తానికి పెద్ద) తయారు కాదు.

అసలు చిక్కు పదేళ్ల ముందే పడుతోంది. ప్లాంట్ హెడ్ కావాలంటే షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా, ఆపైన ప్రొడక్షన్‌లో చేసి ఉండాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏళ్ల తరబడి ఆడవాళ్లను రాత్రి షిఫ్టులకు దూరంగా ఉంచింది. దాంతో యర్రగుంట్ల సిమెంటు ప్లాంట్ల లాంటి చోట్ల వాళ్లు హెచ్‌ఆర్, అకౌంట్స్, ల్యాబ్‌కే పరిమితమయ్యారు. చట్టం అడ్డురాని చోట పై అధికారి జాలి అడ్డొస్తోంది. "ఆయమ్మకు చంటిబిడ్డ ఉండాది, అంత దూరం యాడ పోతాది?" అని ఆయనే తేల్చేస్తాడు. ఆయమ్మను మాత్రం ఎవరూ అడగరు.

అందుకే ట్రాన్స్‌ఫర్ వద్దనే మాట ఆమే రాసివ్వాలి, ఆమె తరఫున ఇంకొకరు అనుకోకూడదని సభ్య సంస్థలకు సూచించాం. పోస్టుకు ఏ అర్హతలు కావాలో పేర్లు చూడకముందే కాగితం మీద పెట్టాలి. పోస్టుకు పరిశీలించే పేర్ల జాబితాలో ఒక్క ఆడమనిషే ఉంటే ఆమె మొక్కుబడిగా మిగిలిపోతుంది, కనీసం ఇద్దరుండాలి.

ఏడాది పనితీరును అంచనా వేసే అప్రైజల్ ఫారాల మీదే ఎక్కువసేపు కూర్చున్నాం. మగవాడి ఫారంలో "వసూళ్లు ఇంత పెంచాడు" అని అంకె ఉంటుంది. ఆడవాళ్ల ఫారంలో "అందరితో కలిసిపోతుంది" అని మెచ్చుకోలు ఉంటుంది. ప్రమోషన్ కమిటీ అంకెనే చూస్తుంది. ప్రసూతి సెలవు ఏడాదిలో ఇది ఇంకా ముదురుతుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి రెండు కాన్పులకు సెలవు 26 వారాలు, అంటే అర్ధ సంవత్సరం. టార్గెట్ మాత్రం పూర్తి ఏడాదిదే పెడతారు. దాంతో "సగటు" రేటింగ్ పడి ప్రమోషన్ వెనక్కి పోతుంది. పనిచేసిన నెలలకే టార్గెట్ లెక్కగట్టాలి. సగం ఏడాదికి సగం టార్గెట్, ఇందులో ఔదార్యం ఏమీ లేదు.

పైవాళ్లు తలుచుకుంటే ఏమవుతుందో స్టేట్ బ్యాంకును చూస్తే తెలుస్తుంది. 2013లో తొలి మహిళా ఛైర్మన్ అయిన అరుంధతీ భట్టాచార్య హయాంలో పిల్లల కోసం, ఇంట్లో పెద్దల కోసం రెండేళ్ల దాకా సెలవు తీసుకునే వీలు వచ్చింది. రాజీనామా ఒక్కటే దారి కాకుండా పోయింది.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాది ప్రతి సభ్య సంస్థ నుంచి ఒకే కాగితం అడుగుతాం: ప్రొడక్షన్, సేల్స్, బ్రాంచి బాధ్యతల్లో మొదటి మెట్టు మీద ఎవరెవరున్నారో రాసిన జాబితా.