జిల్లాల పిల్లలకు హైదరాబాద్‌ను ఎలా చూపిస్తున్నాం?

సంపాదకులకు నమస్కారాలు.

బడులకు సెలవులు ఇచ్చిన మర్నాటి నుంచి ఇమ్లీబన్ బస్టాండులోనూ, సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లి రైల్వే స్టేషన్లలోనూ ఎటు చూసినా పిల్లలను వెంటబెట్టుకుని దిగుతున్న కుటుంబాలే కనిపిస్తాయి. ఖమ్మం, నల్లగొండ, పాలమూరు, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చేవారే కాదు, కృష్ణానది దాటి కర్నూలు, గుంటూరు జిల్లాల నుంచి బంధువుల ఇళ్లకు వచ్చి, పనిలో పనిగా పిల్లలకు నగరం చూపించి తీసుకువెళ్లేవారూ వారిలో ఉంటారు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలు, బాలికలు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ నగరంలోని ఆర్డినరీ బస్సుల్లోనూ చార్జీ లేకుండా ప్రయాణిస్తున్నారు. ఒకప్పుడు చార్జీలు లెక్క వేసుకుని ఊళ్లోనే ఆగిపోయిన తల్లులు కూడా ఇప్పుడు పిల్లల చేయి పట్టుకుని బయలుదేరగలుగుతున్నారు. ఇది ఎంతో సంతోషించవలసిన మార్పు.

నేను ఖమ్మం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. బడి పిల్లలనూ, మా ఇంటి పిల్లలనూ కూడా హైదరాబాద్ తీసుకువచ్చిన అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పెరుగుతున్న మన పిల్లల్లో చాలామంది చూసే మొదటి మహానగరం హైదరాబాదే. ఇక్కడ వారు చూడవలసినవి కావలసినన్ని ఉన్నాయి. కానీ వాటిని పిల్లలు తీరికగా చూసేందుకు, చూసినదాన్ని అర్థం చేసుకునేందుకు తగిన ఏర్పాట్లు చాలా తక్కువగా ఉన్నాయి. దర్శనీయ స్థలాలను నిర్వహించే శాఖలన్నీ ఈ విషయం మీద దృష్టి పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

అన్నిటికన్నా ముందు తొందర సంగతి చెప్పాలి. ఒక్క రోజులో నగరమంతా చూపిస్తామని వ్యాన్ల వాళ్లు చెబుతారు. పొద్దున బిర్లా మందిర్‌తో మొదలుపెట్టి సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, జూపార్కు, గోల్కొండ కోట తిప్పి, చీకటి పడే వేళకు టాంక్‌బండ్ మీద దింపుతారు. నెహ్రూ జూపార్కు ఒక్కటే 380 ఎకరాల్లో ఉంది. నాలుగేళ్ల పిల్లవాడు దానిని నడిచి చూడాలంటే ఆ రోజుకు ఇంకే పనీ పెట్టుకోకూడదు. ఇలాంటి ప్రయాణంలో పిల్లలకు వ్యాను ఎక్కడం, దిగడం, చెప్పులు విడవడం, వేసుకోవడం తప్ప ఏమీ గుర్తుండదు. తల్లిదండ్రులనూ తప్పు పట్టలేం. రాత్రి బస చేయాలంటే ఖర్చు, మళ్లీ ఎప్పుడు వస్తామో తెలియదు, వచ్చినప్పుడే అన్నీ చూపించాలన్న ఆరాటం. ఏది ఎంతసేపు చూడాలో, పిల్లల వయసును బట్టి ఏది వదిలేసినా ఫరవాలేదో చెప్పేవారు ఉంటే ఆ కుటుంబమే రోజుకు రెండు చోట్లు ఎంచుకుని నెమ్మదిగా చూస్తుంది.

సెలవు దినాల చిక్కు మరొకటి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూపార్కుకు సోమవారం సెలవు. నగరవాసులకు ఇది తెలిసిన విషయమే కావచ్చు. కానీ రాత్రంతా ప్రయాణం చేసి సోమవారం ఉదయం దిగిన కుటుంబానికి ఆ సంగతి ఆటో దిగి డబ్బులిచ్చి, తాళం వేసిన గేటు ముందు నిలబడినప్పుడే తెలుస్తుంది. అక్కడి నుంచి ఏడుస్తున్న పిల్లవాడిని ఎత్తుకుని ఇంకో చోటుకు వెళ్లాలి. ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. చూసుకోగలిగినవారు చూసుకుంటున్నారు. నేను మాట్లాడుతున్నది చిన్న ఫోనుతో, తెలుగు మాత్రమే చదవగలిగిన నాయనమ్మతో, చంకలో బిడ్డతో వచ్చే కుటుంబాల గురించి.

పిల్లలకు ఏది పనికొస్తుందో తెలుసుకోవాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం ముందు కాసేపు కూర్చుంటే చాలు. కుక్ అండ్ కెల్వీ సంస్థ నుంచి వచ్చిన ఆ గడియారంలో ఒక కమ్మరి బొమ్మ సెకను సెకనుకూ సుత్తితో కొడుతూనే ఉంటుంది. గంట కొట్టే వేళకు గడ్డపు బొమ్మ ఒకటి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి వెళ్లిపోతుంది. అంతవరకు గదుల వెంట విసుగ్గా ఈడ్చుకుంటూ నడిచిన పిల్లలు అక్కడ చేరగానే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. బొమ్మ తలుపు తెరుచుకునే క్షణానికి అంతమంది జనంలోనూ చడీచప్పుడు ఉండదు. ఆ తరువాత ఒకటి, రెండు, మూడు అని గొంతులు కలుస్తాయి. మధ్యాహ్నం పన్నెండు గంటలకైతే ఆ సందడి చూసి తీరవలసిందే. అక్కడ పిల్లలు నిలవడానికి కారణం స్పష్టంగానే ఉంది. కూర్చోవడానికి చోటు ఉంది, ఎప్పుడు ఏం జరుగుతుందో ముందే తెలుసు, కళ్లెదుట ఒక కదలిక ఉంది. అదే మ్యూజియంలోని మేలిముసుగు రెబెకా శిల్పాన్ని శిల్పి బెంజోనీ పాలరాతిలో చెక్కాడు. రాతిలో పల్చటి ముసుగు ఎలా వచ్చిందో ఎవరైనా నిలబెట్టి చెప్పకపోతే ఎనిమిదేళ్ల పిల్లకు అది ఇంకొక తెల్లని బొమ్మ మాత్రమే. రోజుకు రెండు మూడు వేళల్లో, తెలుగులోనూ ఉర్దూలోనూ, పిల్లల కోసమే పావుగంట కథలా చెప్పే ఏర్పాటు ఉంటే ఆ శిల్పం ముందు కూడా వారు కూర్చుండిపోతారు.

గోల్కొండ విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. కోట ప్రవేశం దగ్గర గోపురం కింద ఒక చోట నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరాన, కొండ కొన మీద ఉన్న బాలాహిసార్‌లో వినిపిస్తుందని చెబుతారు. శత్రువు వచ్చిన కబురు పైకి చేరవేయడానికి చేసుకున్న ఏర్పాటు అది. సెలవు రోజుల్లో అక్కడ ఏం జరుగుతోంది? వందమంది ఒకేసారి చప్పట్లు కొడతారు, పైన ఉన్నవారికి ఏదీ విడిగా వినబడదు, కొట్టిన పిల్లలకు తమ చప్పట్లు చేరాయో లేదో తెలియదు. కాసేపు అందరినీ ఆపి, పది మందిని పైకి పంపి, కింద ఒక్క పాపను నిలబెట్టి చప్పట్లు కొట్టించి, ధ్వని వంపుకప్పుకు తగిలి ఎటు వెళుతుందో చెప్పగల మనిషి ఒక్కరు ఉంటే, తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో ధ్వని పాఠం ఆ పాపకు మళ్లీ చెప్పవలసిన అవసరం ఉండదు.

అదే కోటలో రామదాసు బందీఖానా ఉంది. మా జిల్లా పిల్లలకు కంచర్ల గోపన్న పరాయివాడు కాదు. ఆయనది నేలకొండపల్లి, ఆయన కట్టించిన గుడి భద్రాచలంలో ఉంది, ఆయన తహసీల్దారుగా పనిచేసిన పాల్వంచకు ఇప్పటికీ మా వాళ్లు ఉద్యోగాలకు వెళుతుంటారు. శిస్తు సొమ్ము గుడికి ఖర్చు చేసినందుకు తానీషా కాలంలో పన్నెండేళ్లు అక్కడ బంధించారన్న కథ వింటూ పెరిగిన పిల్లలు, ఆ చీకటి గదిలోకి వంగి చూసి, గోడ మీద ఆయనే చెక్కుకున్నాడని చెప్పుకునే సీతారామలక్ష్మణుల, హనుమంతుడి రూపాలను వెతుక్కుంటారు. ‘టీచర్, ఈయనకు అన్నం ఎక్కడి నుంచి పెట్టేవారు?’ అని నన్ను ఒక ఆరో తరగతి పిల్ల అడిగింది. కప్పులో ఉన్న కంత చూపించి, లోకం చెప్పుకునే మాట చెప్పాను. వెనుక నిలబడిన వేరే ఊరి కుటుంబం వాళ్లు కూడా ముందుకు వచ్చి విన్నారు, వాళ్ల పిల్లవాడు ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. పిల్లలకు ఆసక్తి లేదని, ఫోన్లు తప్ప ఏవీ పట్టవని అనేవారు ఆ గది ముందు ఒక్క పూట నిలబడి చూడాలి.

పిల్లలకు ఇలా నిలబెట్టి చెప్పగల మనుషులు ఎక్కడ దొరుకుతారన్న ప్రశ్నకు విశాఖపట్నంలోనే జవాబు ఉంది. రామకృష్ణా బీచ్ ఒడ్డున ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియంలో నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారే వెంట నడిచి చూపిస్తారు. టార్పిడోలు ఎక్కడ ఉంటాయో, అంత ఇరుకులో నావికులు ఎలా పడుకునేవారో వారి నోటి మీదుగా విన్న పిల్లలు నెలల తరబడి అదే చెప్పుకుంటారు. హైదరాబాద్‌లో రిటైరైన చరిత్ర ఉపాధ్యాయులకు కొదవ లేదు. డిగ్రీలో, పీజీలో చరిత్ర చదువుతున్న విద్యార్థులూ ఉన్నారు. సెలవు రోజుల్లో వారికి గౌరవ వేతనం ఇచ్చి, కొద్దిపాటి శిక్షణతో గోల్కొండలోనూ చార్మినార్ దగ్గరా నియమించడం పర్యాటక శాఖకు, పురావస్తు శాఖకు మించిన భారం కాదని నా నమ్మకం.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడి గురించి ఒక మాట. లుంబినీ పార్కు నుంచి పడవ ఎక్కించి, విగ్రహం చుట్టూ తిప్పి, కాసేపు ఫొటోలు తీసుకోనిచ్చి తిరిగి తీసుకువస్తారు. అంత పెద్ద రాయి నీళ్ల మధ్యకు ఎలా వచ్చిందన్నది ప్రతి పిల్లవాడూ అడిగే ప్రశ్న. రాయగిరి దగ్గరి ఏకశిల నుంచి చెక్కిన విగ్రహం 1990లో తరలిస్తుండగా నీళ్లలో పడిపోయి మనుషుల ప్రాణాలు పోయాయని, రెండేళ్లకు పైగా సాగర్ అడుగున ఉన్న తరువాత పైకి తీసి 1992 డిసెంబర్ 1న నిలబెట్టారని, ఆ కొద్ది నిమిషాల పడవ ప్రయాణంలోనే చెప్పవచ్చు.

ఇక అడగడానికి మొహమాటపడవలసిన అవసరం లేని విషయాలు. మరుగుదొడ్లు, తాగునీరు, నీడ. నగరంలో ఒక ప్రసిద్ధమైన చోట మేము వెళ్లిన రోజు ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అక్కడి సిబ్బందికీ తెలియదు. చివరికి రోడ్డు అవతల ఉన్న హోటల్లో అందరం టీ చెప్పుకుని, ఆ సాకుతో పిల్లలను లోపలికి తీసుకువెళ్లవలసి వచ్చింది. అప్పుడప్పుడే ఎదుగుతున్న ఆడపిల్లలు ఈ భయంతోనే పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా తిరుగుతారని తల్లులందరికీ తెలుసు. ఎండాకాలం సెలవుల్లో మిట్టమధ్యాహ్నం గోల్కొండ మెట్లు మూడు వందలకు పైగా ఎక్కే పిల్లలు నీళ్లు తాగకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మధ్యమధ్య నీడలో కూర్చునే చోటు, ప్రతి మలుపులో తాగునీరు, పాలిచ్చే తల్లులకు ఒక చిన్న గది, తాళం వేయని మరుగుదొడ్డి కావాలి. వీటి తరువాతే రంగుల దీపాలూ, సెల్ఫీ స్టాండ్లూ.

చార్మినార్ చుట్టూ వాహనాలను కట్టడి చేసి నడిచేవారికి వదలడం మంచి పని. అయితే లాడ్‌బజార్ రద్దీలో పిల్లలు చేయి జారడం క్షణం పని. పెద్ద జాతరల్లో చేస్తున్నట్లుగా, తల్లిదండ్రుల ఫోన్ నంబరు రాసిన పట్టీని పిల్లల చేతికి కట్టే చిన్న బల్ల ఒకటి అక్కడ పెట్టాలి. తప్పిపోయిన పిల్లల కోసం 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చన్న సంగతి పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి. పదిహేనేళ్లలోపు పిల్లలకు కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో టికెట్ అక్కరలేదన్న విషయం కూడా చాలామందికి తెలియదు. నలుగురు పిల్లలకు టికెట్లు కొనలేమనుకుని చార్మినార్‌ను బయటి నుంచే చూసి వెళ్లిపోయిన కుటుంబాన్ని నేను కళ్లారా చూశాను. 1591లో కట్టిన ఆ కట్టడం పై అంతస్తు నుంచి నాలుగు దారులు నాలుగు దిక్కులకు సాగిపోవడాన్ని ఆ పిల్లలు చూసి ఉండవలసింది.

వీటిలో కొన్నిటికి నిధులు, అనుమతులు, సమయం కావాలని నాకు తెలుసు. కానీ ఒక పని రాబోయే సెలవులలోపే చేయవచ్చు. ఇమ్లీబన్, జూబిలీ బస్‌స్టేషన్లలోనూ మూడు పెద్ద రైల్వే స్టేషన్లలోనూ బయటికి వచ్చే దారిలో తెలుగులో ఒక పెద్ద బోర్డు పెట్టాలి. ఏ రోజు ఏది మూసి ఉంటుంది, ఎక్కడికి ఏ నంబరు సిటీ బస్సు వెళుతుంది, మెట్రోలో ఏ స్టేషన్‌లో దిగాలి, ఏ వయసు పిల్లలకు టికెట్ లేదు, ఒక్కో చోట చూడడానికి ఎంత సమయం పడుతుంది అన్నవి అందులో ఉండాలి. పాతబస్తీలోకి మెట్రో ఇంకా రాలేదు కాబట్టి ఇమ్లీబన్ దగ్గరి ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి అక్కడి నుంచి చార్మినార్‌కు ఎలా వెళ్లాలో కూడా రాయాలి. ఆర్టీసీ, రైల్వే, పర్యాటక శాఖల అధికారులు ఒక్కసారి కలిసి కూర్చుంటే తేలిపోయే పని ఇది. ఆ బోర్డు మీద ఏం రాయాలో తయారుచేసి ఇవ్వడానికి నేనూ, మా జిల్లాలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్న నా తోటి ఉపాధ్యాయులూ సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
ఖమ్మం జిల్లా.