వడ్రంగి మేస్త్రి గారి కుటుంబ సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

మేస్త్రి గారి కుటుంబానికి అండగా ఉందామని మీరంతా ఇచ్చిన డబ్బుకు లెక్క ఇది. ఆసుపత్రి చివరి బిల్లు అందేదాకా ఆగాల్సి రావడంతో ఆలస్యమైంది, మన్నించాలి.

మొత్తం జమ రూ. 3,03,340. ఇందులో రశీదుల మీదా, ఫోన్ ద్వారానూ వచ్చిన విరాళాలు రూ. 2,46,500. పేరు తెలియకుండా ఖాతాలో పడ్డ మూడు మొత్తాలు కూడా ఇందులోనే ఉన్నాయి. అవి ఎవరివో చెబితే రశీదు రాసిస్తాం. తోటి వడ్రంగులు, తాపీ పనివాళ్లు, రంగులు వేసేవాళ్లు, కరెంటు పనివాళ్లు తలా ఒక రోజు కూలి ఇచ్చారు. అది రూ. 38,700. పనికి వెళ్తేనే ఇల్లు గడిచేవాళ్లు ఇచ్చిన డబ్బు అది. బ్యాంకు వడ్డీ రూ. 1,140. మిగిలిన రూ. 17,000 గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మేస్త్రి గారు చనిపోయిన వారానికి ఆయన భార్య జేబు పుస్తకం ఒకటి మా చేతికిచ్చారు. "ముందు ఇందులో ఉన్న అడ్వాన్సులు తిరిగిచ్చేయండి, మా సంగతి తర్వాత" అన్నారు. మూడు ఇళ్ల పని ఒప్పుకుని తీసుకున్న రూ. 29,000 అందులో తేదీలతో సహా రాసి ఉంది. మూడిళ్లకూ వెళ్లి ఇచ్చాం. రెండిళ్లవాళ్లు పుచ్చుకుని, అక్కడికక్కడే నిధికి ఇచ్చేశారు. ఆ రూ. 17,000 అదే. చేతులు మారి మళ్లీ మన దగ్గరికే వచ్చిన డబ్బును రాయడం దేనికని మాలో ఒకరు అన్నారు. రాయకపోతే ఆయన బాకీ తీరినట్టు ఎక్కడా ఉండదు. అందుకే ఖర్చులో రూ. 29,000 పూర్తిగా, జమలో రూ. 17,000 విడిగా చూపించాం.

ఆ ఇళ్లవాళ్లు కొనిచ్చిన పలకలు కూడా ఎవరివి వాళ్లకు చేర్చాం. షెడ్డులో పలకకూ పలకకూ మధ్య సన్న బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, సుద్దముక్కతో ఏ ఇంటివో గుర్తులు వేసి ఉన్నాయి. కాబట్టి వెతుక్కునే పని లేకపోయింది. పచ్చి చెక్కతో తలుపు చేస్తే అది ఎండాక వంకర తిరుగుతుందని, ఎవరెంత తొందరపెట్టినా ఆయన ఆగేవారు. వానల్లో చెక్క వెడల్పుకు ఉబ్బుతుంది, పొడవు దాదాపు మారదు. ఆ లెక్క చూసుకుని తలుపు రెక్క పక్కన సందు వదిలేవారు. వానాకాలంలో తలుపు బిగుసుకుంటే కబురు లేకుండానే చిత్రిక పట్టుకుని వచ్చేవారు, దానికి కూలి తీసుకునేవారు కాదు.

జేబు పుస్తకంలో ఒక కిటికీ కొలతల కింద కూతురి చెప్పుల సైజు ఉంది. ఇంకో పేజీలో కొడుకు ఫీజు కట్టాల్సిన తేదీ, దాని కింద రెండు గీతలు. కూతురు చదువుకునే బల్లను, పిల్ల పొడుగయ్యే కొద్దీ కాళ్లకింద ముక్కలు అతికించి ఎత్తు చేస్తూ వచ్చారు. మూడు అతుకులున్నాయి, వేలితో తడిమితే తప్ప తెలియవు. రాత్రి అక్కడే ఉండిపోవాల్సిన పని, ఎంత కూలి ఇస్తామన్నా ఒప్పుకునేవారు కాదు.

పిల్లల పేరిట అంత డబ్బు ఎందుకని అడిగినవారికి ఇంతకన్నా చెప్పేది లేదు. ఇద్దరి పేర్ల మీదా చెరో లక్ష, మొత్తం రూ. 2,00,000 బ్యాంకులో డిపాజిట్ చేశాం. ఆసుపత్రి బాకీ రూ. 41,850 చెల్లించాం. రశీదు పుస్తకాలకు, జిరాక్సులకు రూ. 930 అయింది. సంస్మరణ సభకు షామియానా, కుర్చీలు, మైకు కలిపి రూ. 12,600. ఇది తగ్గించి ఉండాల్సింది. ముందే విడిగా చందా వేసుకుని ఉంటే నిధి మీద పడేది కాదు. ఆ తప్పు కమిటీదే.

మొత్తం ఖర్చు రూ. 2,84,380. నిల్వ రూ. 18,960.

పనిముట్లు వేలం వేసి ఆ సొమ్ము నిధిలో కలపమని కొందరు సలహా ఇచ్చారు. ఆయన భార్యకు ఇష్టం లేదు, మేమూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రంపాలు, ఉలులు, బాడిస, మూలమట్టం ఇంట్లోనే ఉన్నాయి. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు అవసరమైనప్పుడు తీసుకెళ్లి, సాయంత్రానికి నూనె రాసి తెచ్చిపెడుతున్నాడు.

ఆయనకు రావలసిన బాకీలు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. ఎవరినీ అడగొద్దని ఆమె చెప్పారు. తమంతట తాము వచ్చి ఇచ్చినవాళ్లు నేరుగా ఆమె చేతికే ఇచ్చారు, ఆ డబ్బు ఈ లెక్కలో లేదు.

నిల్వ ఉన్న మొత్తాన్ని చెక్కుగా ఆమెకు అందజేసి నెలాఖరుకు ఖాతా మూసేస్తాం. అప్పటిదాకా పద్దుల పుస్తకం, బిల్లులు, రాతలో చెడిపోయి రద్దు చేసిన రెండు రశీదులతో సహా, కోశాధికారి దగ్గర ఉంటాయి. రూపాయి ఇచ్చినవారైనా వచ్చి చూసుకోవచ్చు.