వాద్యకారుల పేర్లు సరిగా రాయండి

సంపాదకునికి,

కచేరీ వార్తల్లో ‘మృదంగికుడు’, ‘వీణికుడు’ అన్న మాటలు కనిపిస్తే బాధ కలుగుతుంది. ఫలానా వాద్యం వాయించే నేర్పు గలవాడనే అర్థంలో సంస్కృత వ్యాకరణకర్త పాణిని ‘శిల్పమ్’ (4.4.55) సూత్రంతో ‘ఠక్’ ప్రత్యయం విధించాడు. అందులోని ‘ఠ’ ‘ఇక’ అవుతుంది, పదంలోని తొలి అచ్చుకు వృద్ధి వస్తుంది, అంటే అది ఆ, ఐ, ఔలలో తగినదిగా మారుతుంది. ఋకారం ‘ఆర్’ అయి మార్దంగికుడు, ఈకారం ‘ఐ’ అయి వైణికుడు. మురజమనే చర్మవాద్యం వాయిస్తే ఉకారం ‘ఔ’ అయి మౌరజికుడు.

చాలామంది తడబడేది వేణువు దగ్గరే. వేణువంటే వెదురు, దానితో చేసింది వైణవం, అది ఊదేవాడు వైణవికుడు. అమరకోశం వైణవికుణ్ణీ వైణికుణ్ణీ పక్కపక్కనే చెప్పింది. ఒక్క వకారం జారితే వేణువు ఊదేవారు వీణ వాయించేవారైపోతారు! బరువనిపిస్తే ‘వేణు విద్వాంసుడు’, ‘మృదంగ విద్వాంసుడు’ అనండి, అవీ చక్కని మాటలే.

– ఒక పాఠకుడు